వాన ఊరి మీదుగా అరవై తోకలు

ప్రపంచంలో ఏ విమానం ఏ ఊళ్ళో ఆగాలో, ఎంతసేపు ఆగాలో తేల్చి చెప్పగల మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ మా నాయనమ్మ. విమాన కంపెనీల వాళ్ళకి ఈ సంగతి ఇంకా తెలియదు. తెలిసిన రోజున కార్లు వేసుకుని మా ఇంటికి పరుగెత్తుకొస్తారు. మా సందులో కారు పట్టదు కాబట్టి మలుపు దగ్గరే దిగి నడవాలి. అంత కష్టపడి వచ్చినా నాయనమ్మ వాళ్ళతో వెంటనే మాట్లాడదు. ముందు తొట్లలో నీళ్ళు మార్చాలి.

నాయనమ్మ రంగు చేపలు పెంచుతుంది. ఇంటి వెనక రేకుల కప్పు కింద నలభై రెండు తొట్లున్నాయి. వాటిలో ముప్ఫై తొట్ల నిండా గప్పీలే, చిటికెన వేలంత కూడా ఉండని చేపలు. ఒళ్ళు నీలం, తోక నలుపు, ఆ తోక విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. ఆ నీలం అంగట్లో దొరికేది కాదు. నాయనమ్మ పధ్నాలుగేళ్ళపాటు ఈ తొట్టిలో మగదాన్నీ ఆ తొట్టిలో ఆడదాన్నీ కలుపుతూ, నచ్చనివాటిని పక్కకు తీస్తూ రప్పించుకున్న రంగు అది. మా నాన్న పెళ్ళి సంబంధం ఇంత శ్రద్ధగా చూడలేదని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

అంతకు ముందు నాయనమ్మ బడి యూనిఫాంలు కుట్టే చోట గుండీలు కుట్టేది. కళ్ళు మసకబారాయని వాళ్ళు మానిపించారు. సూదిలోకి దారం ఎక్కించలేని ఆ కళ్ళతోనే సంచిలో పది చేపలున్నాయో పదకొండున్నాయో ఒక్క చూపులో చెప్పేస్తుంది. ఇదెలా కుదురుతుందని అడిగితే, "దారం కదలదే, చేప కదులుతుంది. కదిలేది కనిపిస్తుంది" అంటుంది. నేను తొమ్మిదో తరగతితో చదువుకు నమస్కారం పెట్టినదాన్ని కాబట్టి ఇందులో తప్పు పట్టలేకపోయాను. నా ముద్దుపేరు తోక. చేపల వల్ల వచ్చింది కాదు, నాయనమ్మ వెనకే తిరుగుతానని పెట్టింది.

మా చేపలు కొనేవాళ్ళలో పెద్దవాడు సముద్రాలకు అవతల ఉన్న ఒక దుకాణదారు. తొమ్మిదేళ్ళుగా కొంటున్నాడు. ఎప్పుడూ రెండు వాక్యాలకు మించి రాయడు కాబట్టి ఆయన్ని మేము రెండు ముక్కలాయన అంటాం. ఆయన తీసుకోకపోతే ముప్ఫై తొట్ల నీలి గప్పీలను కొనేవాళ్ళు మా ఊళ్ళో లేరు. ఇక్కడి దుకాణాల వాళ్ళు "అంత పొడుగు తోకెందుకమ్మా, ఎర్రవి ఉంటే ఇవ్వండి" అంటారు. ఆ మాటన్న దుకాణానికి నాయనమ్మ ఏడాదిపాటు ఎర్రవి కూడా ఇవ్వలేదు.

ఇప్పుడు కవల పెట్టె సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మా ఇంట్లో మనుషులకు మతి పోయిందని మీరనుకుంటారు. వీధి మొత్తం అనుకుంటోంది కూడా.

చేపల్ని ప్లాస్టిక్ సంచుల్లో కొంచెం నీళ్ళు, మిగతా అంతా ఆక్సిజన్ నింపి, మూతి బిగించి, థర్మాకోల్ పెట్టెలో పేర్చి పంపుతాం. మొదటిసారి పంపినప్పుడు సగం చేపలు చచ్చిపోయాయి. ప్రయాణం పడలేదు అని రాశాడు రెండు ముక్కలాయన. నాయనమ్మకు ఒళ్ళు మండింది. "ప్రయాణంలో ఏమవుతుందో నేనూ చూస్తా" అంది. అచ్చం అలాంటి పెట్టె ఇంకోటి కట్టి, విమానం ఎక్కే గంటకు ఊపింది, దిగే గంటకు మెట్టు మీంచి దించింది, గాల్లో ఉండే గంటల్లో ఏసీ గదిలో పెట్టింది. ఊపులకు రబ్బరు బ్యాండ్లు వదులై గాలి పోతోందని అలా తెలిసింది. అప్పటి నుంచి మెలి తిప్పి రెండు బ్యాండ్లు వేస్తాం. అప్పటి నుంచే ప్రతి పెట్టెకూ ఇంట్లో ఒక కవల ఉంటుంది. అవతల పెట్టె తెరిచే సమయానికే ఇక్కడ కవలనూ తెరుస్తాం. అందులో నడుము వంకరవీ, తోక చిరిగినవీ, అమ్మకానికి పనికిరానివి వేస్తాం. ప్రయాణం అయ్యాక అవి మళ్ళీ తమ తొట్టిలోకి పోతాయి. మా వంకర నడుము చేపలు భూమిని ఎన్నిసార్లు చుట్టి వచ్చాయో లెక్కలేదు, గడప మాత్రం దాటలేదు.

ఏసీ ఉన్నది అమ్మానాన్నల గదిలో ఒక్కదాంట్లోనే.

"అత్తయ్యా, చలికి వణికిపోతున్నాం. కాస్త తగ్గించుకోమంటారా?" అని అమ్మ అడిగేది.

"విమానం ఇంకా దిగలేదమ్మా. దుప్పటి కప్పుకోండి. విమానంలోనూ దుప్పట్లే ఇస్తారట."

విమానం పైకి లేవడం నా వంతు. పెట్టెను స్కూటర్ వెనక కట్టి, మూడు స్పీడ్ బ్రేకర్ల మీదుగా వీధి చివరిదాకా పోయి రావాలి. "ఏమ్మా, ఏ దేశం?" అని ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డవాళ్ళు అడిగేవాళ్ళు.

తొమ్మిదేళ్ళు ఇలా గడిచాక ఒక సోమవారం కార్గో గుమాస్తా ఫోన్ చేశాడు. విమానాశ్రయంలో మా పెట్టెలు తూచి లోపలికి పంపేది అతనే. మంచివాడు, కానీ చెడ్డ వార్త చెప్పేటప్పుడు నవ్వుతాడు.

"అమ్మగారూ, హి హి, నేరుగా వెళ్ళే విమానం వచ్చే నెల నుంచి ఉండదండీ. తీసేశారు."

"తీసేయడమేంటి నాయనా? నిన్నటిదాకా బాగానే ఎగిరిందిగా?"

"ఎక్కేవాళ్ళు తగ్గిపోయారటండీ. సీట్లు ఖాళీగా పోతున్నాయట."

"నా చేపలు నిండుగానే ఎక్కుతున్నాయి కదా?"

"చేపలు సీట్లలో కూర్చోవు కదండీ."

ఫోన్ పెట్టేసి నాయనమ్మ ఏడో తొట్టి ముందు చాలాసేపు కూర్చుంది. ఏడో తొట్టిలో అన్నిటికంటే నీలమైనవి ఉంటాయి. నేను ఏదో ఒకటి అందామని, "పోనీ నాయనమ్మా, ఎర్రవి పెంచుదాం" అన్నాను. ఆవిడ చూసిన చూపుకు నేను మూడు అడుగులు వెనక్కి వేశాను.

ఆ సాయంత్రమే రెండు ముక్కలాయన దగ్గర్నుంచి కబురు వచ్చింది. "మధ్యలో మారే విమానంలో ఒక్క పెట్టె పంపండి, అరవై చేపలు. ఆరుకు మించి చనిపోతే ఇక మా దగ్గర్లోని పెంపకందారు దగ్గరే కొంటాను."

అంటే పధ్నాలుగేళ్ళ నీలం ఒక్క పెట్టెకు వేలాడుతోంది. ఆ పెట్టె ఏ ఊళ్ళో విమానం మారాలన్నదే ప్రశ్న.

గుమాస్తా మూడు ఊళ్ళు చెప్పాడు. వాటి పేర్లు నాయనమ్మ నోటికి తిరగలేదు, తిప్పాలని ఆవిడ ప్రయత్నించనూ లేదు. ఒకటి ఎండ ఊరు, ఒకటి మంచు ఊరు, ఒకటి వాన ఊరు అని తనే పేర్లు పెట్టేసింది.

"ఎండ ఊరు తీసుకోండమ్మగారూ. దిగిన గంటా యాభై నిమిషాలకే రెండో విమానం. అందరూ అదే తీసుకుంటున్నారు."

"ఆ బండి తప్పితే?"

"మర్నాడు మళ్ళీ అదే టైముకి ఉంటుందండీ."

"మంచు ఊళ్ళో?"

"మూడు గంటల్లో ఉందండీ. కానీ వారానికి మూడు రోజులే."

"వాన ఊళ్ళో?"

"అది మీకెందుకండీ, ఆరు గంటలు పడి ఉండాలి. రోజుకు మూడు విమానాలున్నాయి గానీ, మనకు చోటు దొరికేది ఆరు గంటల తర్వాతి దాంట్లో."

"సరే. మన ఊరి నుంచి ఆ మొదటి బండ్లు పోయిన నెలంతా ఏ రోజు ఎంత ఆలస్యంగా లేచాయో నాకు రాసి పెట్టు."

"నెలంతానా అమ్మగారూ?"

"ఇంకొకటి. ఆ మూడు ఊళ్ళలో పెట్టెను నేల మీద పెడతారా, చెక్క మీద పెడతారా? నీడలోనా, ఎండలోనా?"

"అవన్నీ ఎవరికి తెలుస్తాయండీ!"

"అక్కడా నీలాంటివాడు ఒకడు ఉంటాడుగా నాయనా. వాణ్ణి అడుగు."

గుమాస్తాకు తల ప్రాణం తోకకొచ్చింది. కానీ అడిగాడు. ఎండ ఊళ్ళో పెట్టెలు విమానం పక్కనే చక్రాల బండి మీద నలభై నిమిషాలు ఎండలో ఉంటాయట. వాన ఊళ్ళో దిగీ దిగగానే షెడ్డులోకి తోసేస్తారు, ఎప్పుడు వాన పడుతుందో తెలియదు కాబట్టి. మంచు ఊళ్ళో గుమాస్తా ఫోనే ఎత్తలేదు. నాయనమ్మ మంచు ఊరిని అక్కడికక్కడే కొట్టేసింది. "ఫోన్ ఎత్తనివాడు నా పెట్టె ఎత్తుతాడా?"

ఎండ ఊరికి మాత్రం న్యాయంగా పరీక్ష పెట్టింది. చేపలు లేకుండా ఉత్త నీళ్ళ సంచులు పెట్టెలో పేర్చి, మిట్టమధ్యాహ్నం రేకుల కప్పు మీద నలభై నిమిషాలు ఉంచమంది. నేను నిచ్చెనెక్కి గొడుగేసుకుని కాపలా కూర్చున్నాను. పెట్టె మీదకు గొడుగు నీడ పడకూడదని కింద నుంచి కేకలు. దించి చూస్తే సంచుల్లో నీళ్ళు స్నానానికి పనికొచ్చేలా ఉన్నాయి. నాకైతే నిజంగానే స్నానం చేయాల్సి వచ్చింది.

ఇక ఆలస్యాల కాగితం వచ్చింది. ముప్ఫై రోజుల్లో పదకొండు రోజులు ఎండ ఊరికి పోయే మొదటి విమానం గంట దాటి ఆలస్యంగా లేచింది. ఒక విమానంలోంచి ఇంకో విమానంలోకి పెట్టె మార్చడానికే గంట కావాలని గుమాస్తాయే చెప్పాడు. నాయనమ్మ ఆ కాగితాన్ని వాకిట్లో చాపమీద పరిచి, పదకొండు రోజుల మీద పదకొండు చేప గుళికలు పెట్టింది.

"చూడవే తోకా. మూడు పెట్టెలు పంపితే ఒకటి ఎండ ఊళ్ళో ఇరుక్కుపోతుంది. ఇరుక్కుంటే ఇంకో రోజంతా సంచిలోనే. మన సంచిలో గాలి నలభై గంటలు, మహా అయితే నలభై ఐదు."

"అందరూ అదే తీసుకుంటున్నారన్నాడుగా?"

"అందరూ చెప్పులు పంపుతారేమో. చెప్పులకు ఊపిరి అక్కర్లేదు."

వాన ఊరు ఖాయమైంది. ఇంటి నుంచి రెండు ముక్కలాయన చేతికి చేరేసరికి ముప్ఫై గంటలు. ఆరు గంటలు వృథా అని గుమాస్తా గొణిగాడు. "ఆ ఆరు గంటలూ నువ్వేమీ కాపలా కాయక్కర్లేదులే నాయనా" అంది నాయనమ్మ.

గురువారం వచ్చింది. రెండు రోజుల ముందు నుంచే చేపలకు మేత ఆపేశాం, సంచిలో నీళ్ళు పాడవకుండా. పొద్దున ఏడింటికి నాయనమ్మ కూర్చుని రెండు పెట్టెలకూ సంచులు కట్టింది. ఒక పెట్టెలో ఏడో తొట్టి రాజాలు అరవై. కవలలో వంకర నడుములు అరవై. టేపు వేసి, ప్రయాణానికి వెళ్ళేదాన్ని కిటికీ వైపు, కవలను తలుపు వైపు పెట్టింది. ఎప్పుడూ అలాగే పెడుతుంది. ఆ తర్వాత లేబుళ్ళు అంటించడం నా పని. కిటికీ వైపు దానికి అవతలి చిరునామా, తలుపు వైపు దానికి "ఇల్లు" అని.

ఇప్పుడు ఒక నిజం చెప్పాలి. ఇంతవరకూ ఇది ఎవరికీ చెప్పలేదు. నాయనమ్మ లోపల గుమాస్తాతో ఫోన్లో ఉండగా నా చెయ్యి తగిలి బకెట్ ఒరిగింది. నీళ్ళు పెట్టెల కిందికి పారాయి. తిడుతుందని గబగబా రెండు పెట్టెలూ బల్ల మీదకెత్తి, నేల తుడిచి, మళ్ళీ కిందికి దించాను. ఏది ఎటు పెట్టానో నేను చూసుకోలేదు. రెండూ తెల్లవే, రెండూ ఒకే బరువు. కిటికీ వైపు ఉన్నదానికి చిరునామా అంటించేశాను. పది గంటలకు వ్యాను వచ్చి తీసుకుపోయింది.

మూడింటికి లేవాల్సిన విమానం మూడింటికి లేవలేదు. గాలివాన. నాలుగైంది, ఐదైంది. నాయనమ్మ కవలను కూడా స్కూటర్ మీద కట్టనివ్వలేదు. వసారాలో బెంచీ మీద పెట్టించి తనూ పక్కనే కూర్చుంది, ప్లాట్‌ఫారం మీద కూర్చున్నట్టు. ఆరింటికి గుమాస్తా ఫోన్.

"లేచిందండీ! మూడు గంటలు ఆలస్యం. వాన ఊళ్ళో ఇంకా మూడు గంటలు చేతిలో ఉంటాయి. ఎండ ఊరి మీదుగా పంపి ఉంటే ఈపాటికి మన..."

"మనవాటికేమీ కాలేదు కదా. ఇక చెప్పకు."

ఆ సంబరంలో నేను స్కూటర్ తీశాను. స్పీడ్ బ్రేకర్లు మూడూ గాల్లోనే దాటాను. విమానం లేచిందంటే నిజంగా లేచినట్టే ఉండాలి కదా!

మర్నాడు సాయంత్రం నాలుగింటికి, అక్కడ పెట్టె తెరిచే సమయానికి, మేమూ కవలను తెరిచాం. అమ్మ కూడా వచ్చి నిలబడింది. నాయనమ్మ టేపు చింపి మూత తీసింది. సంచుల్లోంచి ఏడో తొట్టి రాజాలు మా వైపు చూశాయి. నీలం ఒళ్ళు, నల్ల విసనకర్రలు.

నేను వంగి లేబుల్ చూశాను, "ఇల్లు" అనే ఉంది. అమ్మే అంది, "అత్తయ్యా, మరి అక్కడికి వెళ్ళినవి?"

"వంకర నడుములు" అంది నాయనమ్మ.

సంచులు ఒక్కొక్కటే తొట్టి నీళ్ళలో తేలేసి, చల్లదనం కలిసేదాకా ఆగి, చేపల్ని వదిలింది. లెక్క పెట్టింది. ఐదు కదల్లేదు. స్కూటర్ ప్రయాణం రాజాలకు పడలేదు.

ఐదింటికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. రెండు ముక్కలాయన.

"యాభై ఎనిమిది బతికే ఉన్నాయి. ఇవి నేను అడిగినవి కావు."

ఆ మొదటి ముక్కకు నేను ఎగిరాను, రెండో ముక్కకు కూలబడ్డాను. నాయనమ్మ మాత్రం ఏదీ చేయలేదు. "ఆకాశంలో రెండు, నీ స్కూటర్ మీద ఐదు" అని మాత్రం అంది. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుని, "రాయవే తోకా" అంది.

ఆవిడ చెప్పింది, నేను రాశాను. "అయ్యా, పెట్టెలు మారిపోయాయి. తప్పు నాది, నా కళ్ళు మసక. మీ దగ్గరికొచ్చినవి నేను అమ్మకానికి పనికిరావని పక్కన పెట్టినవి. వాటికి మీరేమీ ఇవ్వక్కర్లేదు, కానీ పారబోయకండి, అవి చాలా ప్రయాణాలు చేసినవి. మీరడిగినవి ఇక్కడే ఉన్నాయి. వంకర నడుములే అంత దూరం రాగలిగినప్పుడు, నడుము తిన్నగా ఉన్నవి రాలేవా?"

"తప్పు నాది" అన్న చోట నా వేలు ఆగిపోయింది.

"ఏమే, అక్షరం గుర్తుకు రావట్లేదా?"

"వస్తోంది" అన్నాను. రాశాను. నిజం చెబుదామని నోరు తెరిచాను, మూసుకున్నాను. మా గప్పీలు కూడా ఎప్పుడూ అదే పని చేస్తుంటాయి.

జవాబు ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. ఆ రెండు రోజులూ ఎవరూ అడక్కుండానే నేను తొట్లు కడిగాను, అమ్మ నాకు జ్వరమొచ్చిందేమోనని నుదురు తాకి చూసింది. నాయనమ్మ రోజూలాగే మేత వేసింది, రోజూలాగే చేపల్ని తిట్టింది. కానీ ఏడో తొట్టి దగ్గరికొచ్చేసరికి తిట్లు ఆగిపోయేవి. ఒకసారి చూశాను, గాజుకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. వేరే ఎవరైనా గాజు మీద చెయ్యి వేస్తే వీపు విమానం మోత మోగుతుంది.

మూడో రోజు పొద్దున ఆయన మెసేజ్ వచ్చింది. నేను చదివాను, గట్టిగా, వీధిలో ఇస్త్రీ బండి దాకా వినబడేలా.

"వచ్చే గురువారం నూట ఇరవై నీలివి పంపండి, ఆ ఊరి మీదుగానే. వంకరవాటిని నా బల్ల మీద తొట్టిలో పెట్టుకున్నాను."

నాయనమ్మ నవ్వలేదు. "నూట ఇరవై అంటే రెండు పెట్టెలు. రెండు కవలలు" అంది. అమ్మ లోపలికి పోయి బీరువాలోంచి ఇంకో దుప్పటి తీసింది.

అప్పటి నుంచి మా చేపలు వాన ఊరి మీదుగానే పోతున్నాయి. ఈమధ్య గుమాస్తా ఇంకో పని పెట్టుకున్నాడు. దూరప్రయాణాలకు వెళ్ళే మనుషులు ఎవరైనా, ఎక్కడ విమానం మారితే మంచిదని అడిగితే, మా ఇంటి నంబరు ఇచ్చేస్తున్నాడు. నాయనమ్మ వాళ్ళనూ అవే ప్రశ్నలు అడుగుతుంది. ఆ బండి తప్పితే తర్వాతిదెప్పుడు? కూర్చునే చోట నీడ ఉందా? మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఆరు గంటల ఊరు, పరుగెత్తగలవాళ్ళకు రెండు గంటల ఊరు. ఒక పెద్దాయన వెళ్ళొచ్చి మరీ చెప్పాడు, వాన ఊళ్ళో తన కాళ్ళకు హాయిగా ఉందని. "సంచి కట్టకుండానే చేరాడు" అని మురిసిపోయింది నాయనమ్మ. నువ్వెప్పుడైనా విమానం ఎక్కుతావా అని అడిగితే, "నేనెక్కితే ఇక్కడ కవలను ఎవరు చూస్తారే?" అంటుంది.

ఇదంతా రాసి, నిన్న సాయంత్రం తొట్ల మధ్య స్టూలు మీద కూర్చుని నాయనమ్మకు చదివి వినిపించాను. బకెట్ ఒరిగిన చోట కూడా ఆపకుండా చదివేశాను. ఆవిడ మేత డబ్బా మూత బిగిస్తూ చివరిదాకా వింది.

"మరి తప్పు నాదేనని అప్పుడే చెప్పనందుకు తిట్టవా నాయనమ్మా?" అన్నాను.

"చెప్పడమెందుకే, నాకు ఆరోజే తెలుసు. నువ్వు పుట్టాక ఎవరూ చెప్పకుండా నేల తుడిచింది ఆ ఒక్క రోజే. లే, ఏడో తొట్టి నీళ్ళు మార్చు."